రుసరుస కూతురు

గుర్రప్పందేల పుస్తకంలో జనం చదివేవి పెద్దక్షరాలే. గుర్రం పేరు, దాని తండ్రి పేరు, జాకీ పేరు, అక్కడితో సరి. ఆ పేర్ల కింద చీమలబారులాగా చిన్న అక్షరాల్లో ఒక వరస ఉంటుంది. తల్లి పేరు, ఆ తల్లిని కన్న తల్లి పేరు, ఆమె మిగతా పిల్లలు ఏ పందెంలో ఎన్నో స్థానంలో వచ్చారన్న సంగతి. ఆ వరసను మొదలంటా చదివే మనిషి ఊరు మొత్తానికి ఒక్కతే. చదవడం ఆమె ఉద్యోగం.

ప్రెస్సులో అందరూ ఆమెను చుక్కమ్మ అంటారు. ప్రూఫులో తప్పు కనబడితే ఆమె గీతలు గియ్యదు, కొట్టివేతలు చెయ్యదు, పక్కన ఒక్క ఎర్ర చుక్క పెడుతుంది. ఆ చుక్క పడిందంటే అక్కడ తప్పు ఉన్నట్టే. ప్రెస్సు ఆమె మేనమామది. పదిహేడేళ్ల వయసులో సెలవులకని వచ్చి, బల్ల మీద పడున్న ప్రూఫు ఊసుపోక చదివి, "మావయ్యా, ఈ గుర్రం వాళ్లమ్మకంటే రెండేళ్లు పెద్దదా?" అని అడిగింది. మావయ్య కళ్లజోడు సర్దుకుని చూశాడు. మర్నాడే ఆమెకో కుర్చీ, ఓ ఎర్ర పెన్నూ ఇచ్చాడు.

ఆ కుర్చీలో తొమ్మిదేళ్లు గడిచాయి. చదివింది చదివినట్టు వదిలెయ్యడం చుక్కమ్మకు చేతకాదు. తల్లి గుర్రానికి ఒక పేజీ చొప్పున నోటుపుస్తకాల్లో రాసుకుంటూ వచ్చింది. ఎవరి పిల్లలు తొలి పరుగులోనే గెలుస్తారు, ఎవరి పిల్లలకు మూడు పందేలు పోతే తప్ప ఒళ్లు వంగదు, ఏ ఇంట్లో బురదంటే ప్రాణం, ఏ ఇంట్లో చప్పట్లంటే బెదురు. అలాంటి పుస్తకాలు పదకొండయ్యాయి. ఆమె మాత్రం ఒక్కనాడూ పందెం కాయలేదు. ఆమె సరదా వేరు. ఫలానా గుర్రం ఫలానా రోజు ఎందుకు ఆగిపోయిందో మూడేళ్ల కిందటి దాని మేనమామ పేజీలో దొరికితే, ఆ రోజంతా ఆమె మొహం వెలిగిపోతూ ఉంటుంది.

పుస్తకం వెనక పేజీ మావయ్యది. ఏ పందెంలో ఏ గుర్రం గెలుస్తుందో ఆయన ఆ పేజీలో జోస్యం చెబుతాడు. జనం పుస్తకం కొనేదే దానికోసం. ముప్పై ఏళ్లు చెప్పి చెప్పి ఒక సోమవారం ఉదయం ఆయన కలం బల్ల మీద పడేశాడు.

"ఇక నావల్ల కాదు. ఓడినవాడల్లా దారికాసి నా చొక్కా పట్టుకుంటున్నాడు. నాక్కూడా నలుగురిలాగా హాయిగా ఓడిపోవాలనుంది."

"మరి వెనక పేజీ?" మెషిన్ దగ్గర్నుంచి తల తిప్పాడు ఆయన కొడుకు. చుక్కమ్మకు బావ. అక్షరాలు కూర్చడం, అచ్చు వెయ్యడం, అడక్కపోయినా సలహా ఇవ్వడం అతని పనులు.

"అదే చెబుతున్నా. శనివారం మూడో పందెంలో పరుగెత్తే ఐదూ రెండేళ్ల గుర్రప్పిల్లలే. ఒక్కటీ ఇంతవరకు పందెంలో పరుగెత్తలేదు. చూసినవాడు లేడు, ఓడినవాడు లేడు. నువ్వో పేరు రాయి, అది ఓ పేరు రాస్తుంది. రెండూ పక్కపక్కనే అచ్చేస్తా. ఎవరి గుర్రం ముందొస్తే వెనక పేజీ వాళ్లది."

చుక్కమ్మ తొమ్మిదేళ్లుగా ఇతరుల అక్షరాలు దిద్దుతోంది. తన అక్షరాలు ఒక్క పేజీ నిండా ఉంటే ఎలా ఉంటుందోనని అప్పుడప్పుడూ అనుకునేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"ఓడినవాళ్లకి?" అని అడిగింది.

"వాడు ఓడితే నోరు మూసుకుని నువ్వు రాసింది కూరుస్తాడు. నువ్వు ఓడితే ఆ పదకొండు పుస్తకాలూ అటకెక్కుతాయి. ఆ చిన్నక్షరాల వరస కూడా తీసేసి అక్కడ ప్రకటనలు వేస్తా. ఎవడు చదువుతున్నాడే వాటిని? వాటికోసం భూతద్దం కొనుక్కోవాలి."

బావ అప్పటికే చేతులు దులుపుకుంటున్నాడు. "ఇందులో ఆలోచించేదేముంది నాన్నా? సేనాపతి కొడుకు శంఖం ఉంది. తండ్రి పద్నాలుగు పందేలు కొట్టాడు. పోయినేడు దాని అన్నదమ్ములు ఆరుగురు గెలిచారు."

"వాళ్లు అన్నదమ్ములు కారు బావా," అంది చుక్కమ్మ మెల్లిగా.

"ఒకే తండ్రి పిల్లలు అన్నదమ్ములు కాక వియ్యంకులా?"

"గుర్రాల్లో తల్లి ఒకటైతేనే తోబుట్టువులు. సేనాపతికి ఏడాదికి ఎనభై మంది పిల్లలు. ఆరుగురు గెలిచారంటున్నావు, మిగతా డెబ్బై నాలుగు మంది సంగతేంటి? తల్లికి ఏడాదికి ఒక్కటే బిడ్డ. మంచైనా చెడైనా గుంపులో దాచడానికి వీల్లేదు."

అన్నం క్యారేజీతో అప్పుడే లోపలికొచ్చిన అత్తయ్య ఆ చివరి మాట విన్నది. "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అని ఊరికే అన్నారా? అంతా తండ్రినిబట్టే అయితే ఈ మహానుభావుడు ఈపాటికి ప్రెస్సు నడపాలి."

"తల్లినిబట్టి అయితే ఏం చేసేవాణ్ణమ్మా?" అన్నాడు బావ.

"వేళకి తినేవాడివి. అదొక్కటీ వచ్చింది కదా, సంతోషించు."

ఆ సాయంత్రం చుక్కమ్మ పదకొండు పుస్తకాలూ బల్ల మీద పరిచింది. ఐదు పిల్లల్లో రెండింటి తల్లుల గురించి రాసుకున్నది తక్కువ. శంఖం తల్లి పేజీలో, పిల్లలందరూ మూడో ఏట గాని నిద్ర లేవలేదని ఉంది. మిగిలినవి రెండు. మొదటిది తుమ్మెద. దాని తల్లి పేరు నిదానం. పేరు అదే గాని ఐదుగురు పిల్లల్లో నలుగురు తొలి పరుగులోనే గెలిచారు. అంతకంటే ఏం కావాలి? తుమ్మెద పేరు రాసేసి ఇంటికి పోవచ్చు.

రెండోది చిటపట. రుసరుస కూతురు.

రుసరుస పేజీ తీస్తే చుక్కమ్మకు ఎప్పుడూ నవ్వొచ్చేది. ఆ ఇంట్లో అందరి కాళ్లలోనూ గాలి ఉంది, పందెం మొదలయ్యే గేటు దగ్గరకొస్తే మాత్రం పరువు పోతుంది. రుసరుస తొలి పందెంలో గేటు తెరిస్తే గోడను కరుచుకున్నట్టు నిలబడిపోయింది. దాని చెల్లెలు వెనక్కి తిరిగింది. దాని పెద్ద కొడుకు జాకీని గేట్లోనే దించేసి, తను మాత్రం అందరికంటే ముందొచ్చాడు. మీద జాకీ బరువు లేని గెలుపు లెక్కలోకి రాలేదు. చిటపట ఆఖరి బిడ్డ, ఆ తర్వాత రుసరుస పేజీలో ఏమీ లేదు. చుక్కమ్మ చిటపట పేరు పక్కన ఎర్ర చుక్క పెట్టి పుస్తకం మూసింది.

గురువారం పొద్దున్నే పిల్లల సాధన చూడ్డానికి మైదానానికి వెళ్లింది. బావ కూడా వచ్చాడు, మెళ్లో బైనాక్యులర్స్ వేసుకుని, తనే పందెం పెట్టిస్తున్నంత హోదాగా. కంచె పొడుగునా పందేలరాయుళ్లు పదిమంది ఆనుకుని నిలబడ్డారు. సాధన గేటు పాతది. ఒక మనిషి తాడు లాగితే తలుపులు చప్పుడు లేకుండా తెరుచుకుంటాయి.

తాడు లాగారు. నాలుగు పిల్లలు దూసుకుపోయాయి. చిటపట నిలబడే ఉంది. జాకీ మడమలతో పొడిస్తే, "సరేలే, అంతగా అంటున్నావు గనక" అన్నట్టు బయటికొచ్చి, తీరిగ్గా నాలుగడుగులు నడిచి, ఆ తర్వాత పరుగెత్తింది. కంచె పొడుగునా నవ్వులు.

"మీ రుసరుస కూతురు ఇంటిపేరు నిలబెట్టింది!" బావ చుక్కమ్మ భుజం మీద తట్టాడు. "తల్లి పోలిక తల్లి పోలిక అంటావుగా, ఇదిగో, అచ్చుగుద్దినట్టు తల్లే. నీ పుస్తకానికి దండం మరదలా."

అతను వెళ్లిపోయాడు. జనమూ వెళ్లిపోయారు. చుక్కమ్మ మాత్రం కదల్లేదు. అందరూ వెళ్లాక మిగిలేదేదో చూడటం ఆమెకు చిన్నప్పటినుంచీ అలవాటు. ఏదో ఒకటి ఆమె మనసులో చిన్న ముల్లులా గుచ్చుకుంటోంది. భయపడ్డ గుర్రం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. చెవులు వెనక్కి వాల్చుతుంది, మెడ మీద చెమట నురగ కడుతుంది, కళ్లలో తెల్లగుడ్డు కనబడుతుంది. ఇందాక గేట్లో చిటపట ఒంటి మీద చెమట చుక్క లేదు. చెవులు నిటారుగా ఉన్నాయి. వెనక కాలు ఒకటి సుఖంగా వంచి నిలబడింది. అది భయం కాదు. బస్సుకోసం ఎదురుచూసేవాళ్లు అలా నిలబడతారు.

దేనికోసం ఎదురుచూస్తోంది?

అంతలో గడ్డి బండి లోపలికొచ్చింది. దాన్ని లాగుతున్నది పొట్ట వేలాడే, మొహం మీద తెల్ల మచ్చ ఉన్న ముసలి గుర్రం. బండి తోలే తాత ఒక్కో గుర్రపుశాల తలుపు ముందు ఆపి, గడ్డికట్ట దించి, చేతిగంట టింగుమనిపిస్తాడు. బండి కదులుతుంది. మళ్లీ ఆగుతుంది. మళ్లీ గంట.

కొళాయి దగ్గర చిటపటకు ఒళ్లు కడుగుతున్నారు. మొదటి గంట మోగిందో లేదో అది విసురుగా కదిలింది. బకెట్టు బోర్లాపడింది. కడుగుతున్నవాడు చేతిలో స్పాంజితో "ఓయ్, ఓయ్" అంటూ వెనకపడ్డాడు. చిటపట నేరుగా వెళ్లి బండికి ఎడమ పక్కన, ముసలి గుర్రం పొట్టకు ఆనుకుని నిలబడింది.

"వచ్చావటే భడవా!" తాత నవ్వాడు. "ఇంత పొడుగు పెరిగావు, ఇంకా పాలు కావాలా?"

చుక్కమ్మ కంచె దాటి వెళ్లింది. "తాతా, ఇది నీకు తెలుసా?"

"తెలియకేమమ్మా! ఇది మా బామ్మ పాలు తాగిన పిల్ల." బామ్మ అంటే ఆ ముసలి గుర్రం. "ఇది పుట్టిన మూడో రోజుకే తల్లి పోయింది. అప్పుడు మా బామ్మ సొంత పిల్ల పాలు మానే రోజులు. బామ్మ దగ్గరికి తోశారు. మా బామ్మ తన్నలేదు, కరవలేదు, సర్లే తాగు అంది. కాని బామ్మకు పని మానడం కుదరదుగా. అప్పట్లో మేమున్న గుర్రాల ఫారమంతా గడ్డి పంచాలి. పిల్ల పక్కనే నడిచేది. బండి ఆగితే పాలు."

"గంట కొడితే?"

"గంట కొడితే బామ్మ ఆగదమ్మా, దేవుడొచ్చినా ఆగదు. మొదటి రెండ్రోజులు ఈ పిల్ల నోట్లో పాలు నోట్లో ఉండగానే బండి వెళ్లిపోయింది. మూడో రోజునుంచి గంట మోగీ మోగకముందే అడుగేసేది. బామ్మకంటే ముందు! రోజుకు నలభైసార్లు, ఆరు నెలలు."

చుక్కమ్మ చిటపట చెవులు చూస్తూ నిలబడింది. "ఇక్కడ సాధన గేటుకు గంట లేదు కదా తాతా?"

"లేదు. తాడే. పందెం రోజు పెద్ద గేటుకు ఉంటుంది. తలుపులు తెరుచుకోగానే చెవులు పగిలేలా మోగుతుంది. కొత్త పిల్లలు దానికే దడుచుకుని..." తాత మాట మధ్యలో ఆగి గంట వైపు చూసుకున్నాడు.

"ఈ సంగతి ట్రైనర్‌కి చెప్పావా?"

"నన్నెవరడిగారమ్మా? గడ్డి తెచ్చేవాడితో అందరూ గడ్డి మాటే మాట్లాడతారు."

శుక్రవారం నాలుగింటికి పుస్తకం అచ్చుకు వెళ్లాలి. మూడున్నరైనా చుక్కమ్మ ముందున్న కాగితం తెల్లగానే ఉంది. నిదానం పేజీ తుమ్మెద అంటోంది. అది తొమ్మిదేళ్ల లెక్క. ఆ లెక్కను నమ్మి ఓడితే, లెక్క ఓడిందంటారు, పోనీలే అనుకోవచ్చు. లెక్క కాదని గడ్డి బండి మాట పట్టుకుని ఓడితే, పదకొండు పుస్తకాలనూ చేజేతులా అటకెక్కించినట్టే. తల్లుల పేర్లు అచ్చులో ఇక కనబడవు. ఆ చోట చెప్పుల దుకాణం ప్రకటన ఉంటుంది.

"ఏమిటే ఆ మొహం? పాలు పొంగిపోయినట్టు?" క్యారేజీ గిన్నెలు సర్దుతూ అడిగింది అత్తయ్య.

"అత్తయ్యా, కన్నతల్లి ఆగిపొమ్మంటుంది, పాలిచ్చిన తల్లి కదలమంటుంది. పిల్ల ఎవరి మాట వింటుంది?"

అత్తయ్య మూత కోసం వెతుకుతూ, "కాళ్లు కన్నదానివి. నడత పెంచినదానిది," అంది. "మీ మావయ్యకు మూతి విరుపు వాళ్లమ్మ ఇచ్చింది, గిన్నె ఎత్తి కడిగే అలవాటు నేను నేర్పాను. మూతి మారలేదు, గిన్నె మాత్రం కడుగుతున్నాడు. ఏదీ, ఆ మూత నీ కాగితం కింద ఉంది, ఇలా ఇయ్యి."

చుక్కమ్మ మూత ఇచ్చేసి, కాగితం దగ్గరికి లాక్కుని రాసింది: "చిటపట. తల్లి గేటు దగ్గర ఆగేది. పిల్ల ఆగదు. గంట మోగనివ్వండి."

అక్షరాలు కూరుస్తూ బావ పడీపడీ నవ్వాడు. మావయ్య నవ్వలేదు. రుసరుస పేజీ తెప్పించుకుని చదివాడు. "నీ పుస్తకమే నిన్ను కాదంటోంది కదే."

"పుస్తకంలో ఒక తల్లిని రాయడం మరిచిపోయాను మావయ్యా," అంటూ గడ్డి బండి తాత చెప్పిందంతా చెప్పింది.

ఆయన ఆమె చేతిలోని ఎర్ర పెన్ను తీసుకుని, ఆమె రాసిన వాక్యం పక్కనే ఒక చుక్క పెట్టాడు. తొమ్మిదేళ్లలో చుక్కమ్మ రాతకు చుక్క పడటం అదే మొదలు. "నా ఉద్దేశం ఇది. అయినా మాట మాటే, అచ్చెయ్యి," అన్నాడు కొడుకుతో.

శనివారం స్టాండ్సు కిక్కిరిశాయి. జనం పుస్తకం వెనక పేజీ చూపించుకుని నవ్వుకుంటున్నారు. "గంట మోగనివ్వాలట! గుడికొచ్చామా, పందేనికొచ్చామా?" శంఖం మీద డబ్బు వానలా కురుస్తోంది. చిటపట మీద రూపాయి కాస్తే ఇరవై ఇస్తామంటున్నారు, అయినా కాసేవాడు లేడు. కాసిన ఒకే ఒక్క మనిషి అత్తయ్య. కూరగాయల సంచిలోంచి నోటు తీసి, "ఆ పాలు తాగిన పిల్ల మీద," అంది. కిటికీలో గుమాస్తాకు అర్థం కాలేదు. "చిటపట అయ్యా, చిటపట! పేరు కూడా నేనే చదివి పెట్టాలా?"

చుక్కమ్మ కంచె పట్టుకుని నిలబడింది. ఐదు పిల్లలూ గేట్లోకి వెళ్లాయి. శంఖం గిట్టలతో తలుపు తంతోంది. తుమ్మెద తల విదిలిస్తోంది. చిటపట వెనక కాలు వంచి, ఎప్పటిలా బస్సుకోసం నిలబడింది.

"పడుకుందేమో చూడు," అన్నాడు బావ బైనాక్యులర్స్‌లోంచి.

తలుపులు తెరుచుకున్నాయి. గంట గణగణమంది.

నాలుగు పిల్లలు ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. శంఖం వెనక్కి కూలబడినంత పనిచేసింది. ఐదో గేటు అప్పటికే ఖాళీగా ఉంది. మిగతావి తేరుకునేసరికి చిటపట ఐదు గుర్రాల పొడవు ముందుంది, పాలు ఎవరో ఎత్తుకుపోతున్నట్టు పరుగెడుతోంది. రుసరుస కాళ్లలో దాగిపోయిన గాలి అంతా ఆ పిల్ల కాళ్లలో వీస్తోంది. పందెం పొడవు వెయ్యి మీటర్లే. చివరి రెండు వందల మీటర్లలో తుమ్మెద నిదానంగా, తల్లి పేజీలో రాసి ఉన్నట్టే, ఒక్కొక్క అడుగూ కలుపుకుంటూ వచ్చింది. తేడా ఒక గుర్రం పొడవైంది. సగమైంది. చుక్కమ్మ కళ్లు మూసుకుంది. తన గుర్రాన్ని తన లెక్కే తరుముకొస్తుంటే ఎటు చూడాలో ఆమెకు తెలియలేదు.

కళ్లు తెరిచేసరికి అత్తయ్య కూరగాయల సంచి గాల్లో తిప్పుతోంది. మెడ పొడవు తేడాతో చిటపట మొదటిది. తుమ్మెద రెండోది. శంఖం నాలుగోది.

బావ బైనాక్యులర్స్ తుడుచుకుని మళ్లీ చూశాడు. "దాని తండ్రి కూడా తొలి పందెంలో..." అని ఏదో మొదలుపెట్టాడు.

"నువ్వు మెషిన్ దగ్గరికి పద నాయనా," అంది అత్తయ్య.

మావయ్య జేబులోంచి నిన్నటి ప్రూఫు తీశాడు. తాను పెట్టిన ఎర్ర చుక్క చుట్టూ సున్నా చుట్టి, ఆ సున్నానుంచి ఒక బాణం గీసి తన సొంత పేరు మీదికి తిప్పాడు. కాగితాన్ని చుక్కమ్మ చేతిలో పెట్టి, పెన్ను కూడా ఇచ్చేశాడు. "అడిగేవాడు లేడని ఆ తాత చెప్పలేదట. నేనూ తొమ్మిదేళ్లు నిన్నడగలేదు."

గెలిచిన గుర్రాన్ని ఫొటోకని నిలబెట్టారు. ఒక పక్క యజమాని, ఒక పక్క ట్రైనర్, పైన జాకీ, అందరూ పళ్లు కనబడేలా సిద్ధంగా ఉన్నారు. అంతలో, జాకీల బరువులన్నీ సరిపోయాయని చెప్పడానికి లోపల ఉద్యోగి ఒకాయన గంట కొట్టాడు.

చిటపట వెళ్లిపోయింది. పగ్గం పట్టుకున్నవాడు దాని వెంట, ట్రైనర్ టోపీ గాలి వెంట. అది ఆగింది గుర్రపుశాలల దగ్గర, గడ్డి బండి ఎడమ పక్కన.

సోమవారం పుస్తకం వెనక పేజీలో చుక్కమ్మ రాసిన జోస్యాల పక్కన ఆ ఫొటో వచ్చింది. అందులో ఒక తోక, సగం జాకీ, నోరు తెరిచిన యజమాని ఉన్నారు. లోపల చిన్నక్షరాల వరస ఈసారి భూతద్దం అక్కర్లేనంత పెద్దదైంది. తల్లి పేరు తర్వాత కొత్తగా పాలు అని ఒక గడి చేరింది. దాన్ని కూర్చలేక బావ రెండు గంటలు గొణిగాడు. ఐదు పందేల గుర్రాలన్నిటికీ పాలెవరిచ్చారో ఎవర్నడగాలని అతని బాధ.

"గడ్డి తెచ్చేవాళ్లనడుగు బావా," అంది చుక్కమ్మ.

ఆ సాయంత్రం ఆమె పన్నెండో నోటుపుస్తకం తెరిచి మొదటి పేజీలో రాసుకుంది.

"బామ్మ. వయసు పందొమ్మిది. పని: గడ్డి బండి. పరుగెత్తిన పందేలు: లేవు. పాలిచ్చి పెంచిన పరాయి పిల్ల: ఒకటి. గెలుపులు: ఒకటి. మిగతా వివరాలకు తాతను అడగాలి."